బోర్డు మీది డిగ్రీలు

హలో… ఆ, నేనే బావా, ఆగయ్యను. దవాఖాన ముంగట మందుల దుకాణం నుంచి చేస్తున్న. ఫ్యాక్టరీ గేటోళ్లు నిన్ను పిలిచెటాళ్లకు పావుగంట అయింది.

లే… అక్క ఉన్నది. మంచిగనే… అంటే, మంచిగ లేదు. అందుకే చేసిన.

పన్నే… ఆ, బోనాలకు మా ఇంటికొచ్చినప్పుడు పీకించుకున్న పన్ను. వేరు ముక్క లోపట్నే ఉండిపోయిందట. చీము దవుడ కిందికి దిగింది. మెడ దాక వాపు. నోట్ల ఒక్క వేలు గూడ పడ్తలేదు.

ఈడ ఇద్దరు చూసిండ్రు. ఫస్టు ఒక చిన్న డాక్టర్, బీడీఎస్ అట. ‘ఇది నేను చేసేది కాదు, పెద్ద మేడమ్‌ను పిలుస్త’ అన్నడు. ఆమె ఎండీఎస్.

… ఇద్దరూ పండ్ల డాక్టర్లే బావా. బీడీఎస్ అంటె ఏండ్లకేండ్లు కాలేజీల పండ్ల చదువే. ఎండీఎస్ అంటె అది అయినంక మల్ల ఒక్క పని మీదనే చదువుడు. ఈమెది దవుడ ఆపరేషన్లు. … ఆ, కోస్తరట. రెండు గంటలకు. ఆగితే ఊపిరికి అడ్డం పడ్తదట. నీ సంతకం కావాలె.

పీకినోడా… లాల్‌దర్వాజ కృష్ణయ్య. … మేడమ్ గూడ అదే అడిగింది, ‘ఏం చదివిండు’ అని. బీడీఎస్, ఎండీఎస్ అన్న. ‘ఏ కాలేజీ’ అన్నది.

మేడమే చెప్పింది, డిగ్రీ ఉన్నోళ్ల పేరు సర్కారు రిజిస్టర్ల ఉంటదట. డిగ్రీ లేకున్నా, చట్టం రాకముందు నుంచి పండ్లు చూసేటోళ్లను గూడ కొందరిని వేరేగ ఎక్కించిండ్రట. కృష్ణయ్య నాయిన గట్ల ఎక్కినోడే. ఆయన పోయినంక కుర్చీ కొడుక్కొచ్చింది. రిజిస్టర్ల పేరైతే రాదు గద.

… ఉన్నది బావా. బోర్డు మీద డిగ్రీ ఉన్నది. … అది ఉత్తదేనని నాకు ఎరుకే. … ఎట్లనా?

… నేనే రాసిన.

పోయిన దసరాకు. … లే, ఆయన రాయమనలే. పేరు చిన్నది, పక్కన రెండు జానల జాగ ఖాళీ. బోర్డు బోసిగ కొడ్తుండె. ‘ఏమన్న ఎయ్యాల్నా’ అని నేనే అడిగిన. ‘నీ ఇష్టం’ అన్నడు. అంతకు ముందు నెల సుల్తాన్‌బజార్ల ఒక డాక్టర్‌కు బోర్డు మీద రాసిన అచ్చరాలు యాదికున్నయి. అవే ఏసిన. … లే, అర్థం అడగలే. నా పని రంగు ఏసుడే అనుకున్న.

… తిట్టు. తిట్టుకుంటనే బస్సెక్కు. అఫ్జల్‌గంజ్‌ల దిగు, గేటు కాడ ఉంట.

మేడమ్‌కు గూడ చెప్పిన, బోర్డు రాసింది నేనే అని. కృష్ణయ్య పేరు, గల్లీ కాయితం మీద రాసుకున్నది. కింద నా పేరు గూడ.

… అడిగిన బావా. ‘ఇంత మంది డాక్టర్లుండంగ ఆడికెందుకు పోయినవక్కా’ అన్న. నోరు తెరుస్తలేదు గద. నా దిక్కు చూసి, చెయ్యి లేపి, గాలిల అడ్డంగ ఇట్ల… బ్రష్ పట్టి బోర్డు రాసినట్టు.

… హలో. … బావా, రెండు కొట్టక ముందే రావాలె.