డిస్కుకి రంగు వేసిన బావ

దించు ఆ చక్రం, మెల్లగా. బల్ల మీద కాదు తల్లీ, కింద ఆ గోనెపట్టా మీద పెట్టు, డిస్కు పైకి ఉండేట్టు. ఏ బండికి ఇది? మీ తాత బండికా? పోయి పదేళ్లయినా ఆయన పీడ వదల్లేదన్నమాట. ఇప్పుడు దానికి కొత్త ముందు చక్రం, కొత్త బ్రేకు, పైన నువ్వెక్కి ఊరేగడం. బాగుంది. ఎవరు పంపారు నా దగ్గరికి? అమ్మమ్మేనా? ఏమంది? “మా తమ్ముడు బిగిస్తేనే ఎక్కు, వాడు తలూపకపోతే ముట్టుకోకు” అందా. ఊఁ. అంటుంది, అక్క అలాగే అంటుంది. నేను చెయ్యను. ఇంకెవరి దగ్గరికైనా తీసుకుపో. ఎందుకేమిటి? మీ తాత సంగతి తెలిసే అడుగుతున్నావా? సరే, ఆ స్టూలు లాక్కుని కూర్చో, దాని ఒక కాలు పొట్టి, చూసుకో.

మీ తాతకి చేతిలో బ్రష్షు ఉంటే ఒళ్లు తెలిసేది కాదు. దుకాణాల బోర్డులు రాసేవాడు, అది బతుకుతెరువు, కాదనను. అక్షరం ముత్యంలా ఉండేది, అదీ కాదనను. కానీ బోర్డుతో ఆగాలి కదా మనిషన్నవాడు. నీళ్ల బిందెకి పూలు, మంచం కోళ్లకి తీగలు, చివరికి నా సుత్తి పిడికి చారలు. నేను లేతు మిషను మీద వేళ్లు కాల్చుకుంటుంటే ఆయనగారు వచ్చి, ఆ మిషను ఆకుపచ్చగా ఉంటే చూడముచ్చటగా ఉంటుందిరా అనేవాడు. పైన పటారం లోన లొటారం అన్న మాట ఎవరన్నారో గానీ, మా బావని చూసే అని ఉంటారు. అలాంటివాడికి సొంతంగా బండి తయారు చెయ్యాలని పుట్టింది. పాలవాడి దగ్గర చచ్చిన బండి కొన్నాడు. ఫ్రేము కోయించాడు, సీటు కిందికి దించాడు, ముందు ఫోర్కు పొడుగు చేయించాడు. పక్కనుంచి చూస్తే మిడత, వెనకనుంచి చూస్తే విరిగిన పడక్కుర్చీ. దాని మీద కూర్చుంటే మోకాళ్లు చెవుల దాకా వచ్చేవి. అయినా సరే, మహారాజు.

ఆ తర్వాత పాత ఇనుము కొట్టులో పెద్ద బండి చక్రం ఒకటి దొరికింది, డిస్కుతో సహా. ఇక నా వెంట పడ్డాడు. ఒరేయ్ బామ్మర్దీ, బిగించిపెట్టరా అని. బిగించడమంటే పెళ్లికొడుక్కి తలపాగా పెట్టడమా? ఆ చక్రం కన్నం పెద్దది, ఈయన బండి ఇరుసు సన్నం. ఆ సందు పూడ్చడానికి లోపలికి లేతు మీద బుష్‌లు తిప్పాలి. కుడిపక్క ఒక మందం, ఎడమపక్క ఇంకో మందం, లేకపోతే డిస్కు, దాన్ని రెండు ప్యాడ్లతో పట్టి ఆపే కాలిపర్ నోట్లో నడిమధ్యకి రాదు, ఒక ప్యాడుకే రాసుకుంటుంది. ఆ పాత ఫోర్కుకి కాలిపర్ పెట్టే చోటే లేదు. పది మిల్లీమీటర్ల పలక కోసి, ఆకురాయితో అరగదీసి, రెండు కన్నాలు వేసి, నాలుగు ఆదివారాలు పెట్టాను దానికి. చక్రం తిప్పితే గాలికి తిరిగినట్టు తిరిగింది. లీవరు నొక్కితే కొరికి పట్టుకుంది. నేను చేతులు తుడుచుకుని, ఎలా ఉంది బావా అన్నాను. ఏమన్నాడో తెలుసా? దుకాణంలో అయిదారుగురు ఉన్నారు అప్పుడు. ఆ పలక వంక వేలు చూపించి, “నీ చేతికి ఇనుము తెలుసుగానీ అందం తెలీదురా, గేదె మెడకి గుదిబండ కట్టినట్టుంది” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను మరి, ఏం చేస్తాను.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు, నా పనితనాన్ని ఎలా దిద్దాడో చూపించడానికి. చక్రం నిండా ఎరుపు. పలక మీద నల్లటి తీగలు. సరే, బాగానే ఉంది. కిందికి వంగి చూద్దును కదా, డిస్కుకి కూడా రంగేశాడు. బ్రేకు పట్టుకోవలసిన ముఖానికే తల్లీ. నీలం వేసి, మీద బంగారు గీతలు గుండ్రంగా. బ్రష్షు కదపకుండా పట్టుకుని, చక్రాన్ని ఎడం చేత్తో తిప్పుతూ వేసినట్టున్నాడు, వెంట్రుకంత వంకర లేదు. దాని మీద వార్నిషు రెండు పూతలు. అద్దంలా మెరుస్తోంది. పసిపిల్లాడికైనా తెలుస్తుంది ప్యాడ్లు దాని మీద జారతాయని, ఈ కళాకారుడికి తెలియలేదు. వెనక బ్రేకు ఎప్పుడూ పేరుకే. నాకు ఒక్క చూపులో అర్థమైంది.

ఏమిటి? ఆ, చెప్పాననే అంటారు ఇంట్లో. నీకూ అదే చెప్పారా. నెత్తీనోరూ బాదుకున్నానని, ఆయన వినలేదని. వినలేదే. వినడానికి ఎవరైనా చెబితేగా.

నేను చెప్పలేదు. వీధి చివర పంపు దాకా పోతాడు, లీవరు నొక్కుతాడు, ఆగదు, చెప్పులు అరిగేలా కాళ్లతో ఆపుకుని తల వంచుకుని వస్తాడు, అప్పుడు ఆ అయిదారుగురి ముందే అడుగుతాను అందం సంగతి, అనుకున్నాను. అక్క ఎక్కుతుందని అనుకోలేదు. సంచీ పట్టుకుని వచ్చింది ఎక్కడినుంచో, బజారుకి దింపమని. వెనక కూర్చుని, నా వంక చూసి, “ఏరా, నువ్వు బిగించినదేగా, నమ్మి కూర్చోవచ్చా?” అంది.

తలూపాను.

ఆ తర్వాతది నీకు తెలుసు. దిగుడులో బ్రేకు పట్టలేదు, ఎదురుగా మిల్లు గోడ. ఆయనకి మోచేతులు గీరుకుపోయాయి, అక్కకి మోకాలు రెండు ముక్కలు. ఇప్పటికీ మెట్టెక్కాలంటే గోడ పట్టుకుంటుంది కదా.

ఆసుపత్రిలో అక్క అడగబోయింది నన్ను. నోరు తెరిచింది. ఈలోగా మీ తాత, ఆ చేతులకి కట్లతో, “వాడినేం అడుగుతావే? డిస్కు మీద రంగు గీకెయ్యమని పొద్దున్నే చెప్పాడు. గీకేశానని అబద్ధమాడాను. అందుకే వాడు తలూపాడు” అన్నాడు. అందరి ముందూ అన్నాడు, మా నాన్న ముందు కూడా. ఎవరు చెప్పమన్నారు ఆయన్ని? నేనడిగానా? అబద్ధానికి కూడా రంగేసి, వార్నిషు పూసి, నా చేతిలో పెట్టి వెళ్లాడు. నేను పుచ్చుకున్నాను. అక్కడినుంచి నాది పెద్దమనిషి మాట, ఆయనది అబద్ధాలకోరు బతుకు. మీ అమ్మమ్మ ముప్ఫై ఏళ్లు దెప్పింది ఆయన్ని, అన్నం పెడుతూ కూడా దెప్పింది. నేను ఎదురుగా కూర్చుని తిన్నాను. ఒక్కసారీ నా వంక చూడలేదు మా బావ. చూస్తే ఏదో ఒకటి అనేవాణ్ణేమో. అదీ చేతకాలేదు ఆయనకి, పనికిమాలిన మనిషి. పోయేముందు రోజు నా చెయ్యి పట్టుకుని, అక్కకి చెప్పకు, దానికి నువ్వొక్కడివే తమ్ముడివి అన్నాడు. చూశావా, చచ్చేటప్పుడు కూడా నా నోరు మూసేసి పోయాడు.

అలా చూడకు. బుష్‌లు తిప్పుతాలే, ఇవాళే తిప్పుతాను. బిగించడం మాత్రం మీ అమ్మమ్మని తీసుకొచ్చాకే. కారులో తీసుకురా, అంత దూరం నడవలేదు. ఎందుకని అడిగితే నేను రమ్మన్నానను, అంతే. మిగతాది నువ్వు చెప్పకు, నేను చెప్పుకుంటాను.

ఏదీ, ఆ ఇరుసూ, కొలిచే స్కేలూ ఇలా అందుకో. లైటు కొంచెం ఇటు తిప్పు. ఇది పదిహేనా, పదహారా? నువ్వు చదివి చెప్పు, నాకు ఆనడం లేదు.