పలకని ‘వెనక్కి’ బటన్

గచ్చిబౌలిలోని ఒక ఆఫీసు గేటు దగ్గర, వచ్చేపోయేవాళ్ళ పేర్లు ఎక్కించేందుకు తాను రాసిన కొత్త ప్రోగ్రామును ఉదయ్ భాస్కర్ గార్డు సాయిలుకు నేర్పుతున్నాడు. సోమవారం నుంచి రిజిస్టరు పుస్తకం ఉండదు. ఈ ప్రోగ్రాము వాడటం రాకపోతే సాయిలును ఎండలో పార్కింగుకు పంపేస్తారు.

“సారూ, పేరు మొత్తం చెరిగిపోయింది. మీ ‘వెనక్కి’ బటన్ జూస్తే బూడిద రంగుల పండుకుంది, నొక్కినా పలుకుతలేదు.”

“అదెలా అండీ? చెరిగినదాన్ని తిరిగి తెచ్చే ఆ కమాండు కంప్యూటర్లో ముందే ఉంటుంది. నేను దాన్ని తెచ్చి బటన్‌కు కట్టానంతే.”

“కట్టిండ్రు, మంచిదే. ఎవలికి చెప్పుమన్నరు?”

“అంటే?”

“మా సూపర్‌వైజర్ గిట్లనే ‘గేటు తియ్యి’ అంటడు. ఎవలికో, ఏ గేటో చెప్పడు. మేం నలుగురం మొకాలు చూసుకుంట నిలబడ్తం.”

ఉదయ్ భాస్కర్ నాలుక కరుచుకున్నాడు. తెర మీద ఏ పెట్టెలోని అక్షరాలను వెనక్కి తేవాలో అతను బటన్‌కు చెప్పనేలేదు. లాప్‌టాప్ తెరిచి ప్రోగ్రాములో ఆ ఒక్క లైనూ చేర్చాడు.

“ఇప్పుడు ఒక పేరు కొట్టి, చెరిపి, నొక్కండి.”

చెరిపిన పేరు తిరిగి వచ్చింది. సాయిలు మళ్ళీ చెరిపాడు, మళ్ళీ నొక్కాడు, మళ్ళీ చెరిపాడు.

“ఏం చేస్తున్నారండీ?”

“తప్పులు చేస్తున్న సారూ. భయం లేకుంట చేస్తుంటే ఎంత మంచిగుందో!”