ఎల్లుండి దాకా

(గల్ఫు దేశంలోని నిజ్వా ఊరు, 1977. ఆసుపత్రి వెనకాల బట్టలుతికే రేకుల షెడ్డు. పొద్దున్నే. నైట్ డ్యూటీ దిగబోతున్న నర్సు లీలాకుమారి. సిమెంటు సంచితో సైటు కూలీ ఇస్తారి.)

“సంచిలో ఏముందో చెప్పకుండా బల్ల మీద పెట్టేస్తావేంటయ్యా? అది కదులుతోంది.”

“కోడి, సిస్టరమ్మా.”

“కోడా?”

“నక్క పట్టింది. జరంత దూరం గుంజుకపోయి ఇడిసిపెట్టింది. జర సూడు.”

“ఇదేమన్నా పశువుల ఆసుపత్రా ఇస్తారీ? డాక్టరు గారు చూస్తే నా ఉద్యోగం పోతుంది. మీ క్యాంపులో కోసుకుని వండుకోక, నా దగ్గరికి...”

“అట్లనకమ్మా. కోసేది కాదిది. ఇది మల్లేశం కోడి.”

“మల్లేశమా?”

“నీ వార్డులనే పన్నడు గద. మూడో మంచం. ఇస్కూలు గోడ మీదికెల్లి పడ్డోడు.”

“తెలుసు. తెలుసు నాకు. సరే, ఇటు తీసుకురా. అటు ఎండలోకి కాదు. ఇటు తిరిగి కూర్చో.”

“ఎట్లున్నడు?”

“పడుకున్నాడు. ముందు ఆ తువ్వాలు దాని తల మీద కప్పు. కళ్లకి చీకటైతే గింజుకోదు. అయ్యో, వీపంతా చీరేసిందే.”

“ఎముక కానొస్తుంది.”

“ఎముక కాదది, పొర. రెక్క విరగలేదు. పళ్లు దిగాయి. ఆ గిన్నెలో కాచిన ఉప్పునీళ్లున్నాయి, ఇటు జరుపు. పుండు చుట్టూ ఈకలు పీకాలి. గట్టిగా పట్టుకో.”

“బతుకుతదా?”

“పట్టుకోమన్నానా?”

“పట్టుకున్న. బతుకుతదా సిస్టరమ్మా?”

“నేను మనుషులకి కుట్లేసేదాన్నయ్యా. కోళ్ల సంగతి మా అమ్మకి తెలుసు. పిల్లి పడితే పసుపూ నూనే పెట్టి గంప కింద మూసేది. కొన్ని బతికేవి, కొన్ని పోయేవి.”

“నాకు ఎక్కువ దినాలు అక్కర లేదు. ఎల్లుండి దాక బతికితె సాలు.”

“ఎల్లుండేముంది? శుక్రవారం సెలవని బిర్యానీయా? నా చేత బాగు చేయించుకుని కోస్తారా దీన్ని?”

“కొయ్యనంటి గదమ్మా. ఎల్లుండి పొద్దుగాల ఇది రెండు మెతుకులు ముట్టాలె. అంతే.”

“నాకర్థం కాని మాటలు మాట్లాడకు. ఆ దారం అందుకో.”

“దీని పేరు సత్తవ్వ.”

“కోడికి పేరొకటా?”

“వాని పెండ్లాం పేరు. ఖజ్జూరం తోటల హలీమా అని ముసలమ్మ ఉంటది. ఆమె గోడ కూలితె మల్లేశం సెలవునాడు పోయి కట్టిచ్చిండు. పైసలొద్దంటె ఈ కోడిపిల్లనిచ్చింది. తెచ్చిన్నాడే పేరు పెట్టిండు. తల పక్కకు పెట్టి గుడ్లురుముతది, నా సత్తవ్వ గిట్లనే సూత్తదని.”

“సత్తవ్వంటే ఇదా?”

“ఏందమ్మా?”

“ఏం లేదు. రాత్రి అడిగాడు. ‘సత్తవ్వకు పెట్టిండ్రా’ అని. రెండుసార్లు అడిగాడు. భార్య కాబోలనుకుని, ఆవిడ తినే ఉంటుందిలే, నువ్వు పడుకో అన్నాను.”

“రాత్రి మాట్లాడిండా?”

“కొంచెం.”

“ఇంకేమన్నడు?”

“నీళ్లడిగాడు.”

“పోసినవా?”

“పోశాను. చెంచాతో. రెండు చెంచాలు తాగాడు.”

“గొంతు దిగినయా? నువ్వే పోసినవా, నీ చేత్తోటి?”

“నేనే పోశానయ్యా. ఎందుకలా గుచ్చి గుచ్చి అడుగుతావు?”

“మంచి పని చేసినవమ్మా. శాన మంచి పని చేసినవు.”

“కదలనీకు. సూది దిగేటప్పుడు కదిలితే చర్మం చిరిగిపోతుంది.”

“వాని పళ్లెంలకెల్లే తింటదిది. ముద్ద కలిపి ఒక్క మెతుకు ఏలు మీద పెట్టి పట్టుకుంటె వచ్చి తీసుకుంటది. వాడు పడ్డకాడికెల్లి నేను పెడుతున్న. నాలుగొద్దులు ముట్టలే. ఐదోనాడు వాని అంగీ తొడుక్కొని కూసున్న. అప్పుడు తిన్నది.”

“అంత ప్రేమగా చూసుకుంటూ రాత్రి మూయకుండా ఎలా వదిలేశావు?”

“నేను రూముల లేను.”

“డ్యూటీకెళ్లావా?”

“ఈడనే ఉన్న. నీ ఆసుపత్రి గోడకు. నిన్న పొద్దుగూకంగ నువ్వే అంటివి, ఈ రాత్రి గడవాలని. లోపటికి రానియ్యరాయె.”

“రాత్రంతా గోడ దగ్గరేనా?”

“తెల్లారేదాక. దీని డబ్బా మూత పెట్టుమని మా రూముల ఉండే భీమన్నకు చెప్పి వచ్చిన. వాడు మర్సిండు. వాన్ననేదేముంది, నేనే మూసి రావల్సింది. ఆగంల ఉరికొచ్చిన.”

“లీలా సిస్టర్, కంపెనీ కా ఆద్మీ ఆయా హై. కాగజ్ మాంగ్ రహా.”

“వస్తున్నానని ఆ కంపెనీ మనిషికి చెప్పు గౌహర్. పాంచ్ మినిట్.”

“ఏం కాగజ్ సిస్టరమ్మా?”

“ఏవో. మందుల స్టోరు కాగితాలు. నువ్వు రెక్క పైకెత్తి పట్టుకో.”

“ఈడ కాకులు లెవ్వు గద.”

“కాకులేంటి మధ్యలో?”

“నేనొచ్చి రెండేండ్లాయె. ఒక్కటి కానరాలే. గుట్టల మీద పెద్దయి ఏవో తిరుగుతయి, మనిషున్న కాడికి దిగయ్. సముద్రం దిక్కు ఉంటయంటరు. అంత దూరం ఎవ్వడు పంపుతడు నన్ను?”

“నీకు నిద్ర చాలక మాటలు తడబడుతున్నాయి. ఇదిగో, ఆఖరి ముడి. ఇక్కడ వేలు పెట్టు. ఈ ఊదా మందు పూటకోసారి రాయి. అట్టపెట్టెలో చీకట్లో ఉంచు. ఈగలు వాలితే పురుగు పడుతుంది. నీళ్లు ముక్కు పక్కన చుక్క చుక్క వదులు.”

“అన్నం?”

“నా క్యారేజీలో ఉంది, పెట్టి చూడు. తిన్నదంటే బతికినట్టే.”

“ముడ్తలేదు.”

“మళ్లీ పెట్టు.”

“సూత్తనే లేదు సిస్టరమ్మా. కండ్లు మూస్తుంది.”

“బెదురు తగ్గలేదింకా. మల్లేశం లేచి తన చేత్తో పెడితే అదే తింటుందిలే.”

“సిస్టరమ్మా.”

“ఊఁ.”

“మూడో మంచం పరుపు బయట ఎండల ఉన్నది.”

“అదా... అది ఉతకడానికని...”

“తెల్లారంగ ఆయమ్మ గౌహర్ మోసుకొచ్చి ఏసింది. నేను గోడ కాణ్నే ఉన్న. వాణ్ని బండి మీద ఆ చివరి రూముకు నూక్కపోయిండ్రు. దుప్పటి కిందికెల్లి ఒక కాలు బయటికొచ్చింది. బొటనేలు లేని కాలు. ఊర్ల కట్టెలు కొట్టంగ తెగిన ఏలది. ఆనాడు పసరు పిండి గుడ్డ కట్టింది నేనే. వాని కాలు నాకెర్క లేదా?”

“ఇస్తారీ.”

“చెప్పు.”

“డాక్టరు గారు చెప్పొద్దన్నారు. కంపెనీ వాళ్లొచ్చేదాకా. మీరంతా గుంపుగా వచ్చి గొడవ చేస్తారని. నన్నేమీ అనుకోకు. నాలుగున్నరకి పోయాడు. పక్కనే కూర్చున్నాను, చెయ్యి పట్టుకునే ఉన్నాను. నాకు తెలిసిన ప్రార్థన చేశాను. మీ వాళ్లకది తప్పో ఒప్పో.”

“తప్పేముందమ్మా. ఎవ్వలో ఒకళ్లు చేసిండ్రు.”

“అంతా చూసొచ్చి, ఎలా ఉన్నాడని నన్నెందుకడిగావు?”

“నువ్వు పడుకున్నాడంటె ఇనబుద్దయింది. నువ్వన్నంత సేపు పన్నట్టే అనిపిచ్చింది.”

“ఏడవయ్యా. ఏడిస్తే ఇక్కడ ఎవరూ చూడరు.”

“ఏడుస్త. పని అయినంక ఏడుస్త.”

“పనేముంది ఇంకా? మనిషే పోయాడు. ఆ మాట కడుపులో పెట్టుకుని, ఈ కోడి కోసం క్యాంపు దాకా వెళ్లి మళ్లీ ఇంత దూరం నడిచొచ్చావా? ఎందుకు ఇస్తారీ?”

“ఊర్ల సత్తవ్వకు ఉత్తరం ముట్టాల్నంటె ఇర్వై దినాలు. ఆడ ఇయ్యాల ఎవ్వలు ఏడువరు, ఎవ్వలు వండరు. ఎల్లుండికి వానికి మూడొద్దులు. వాని అంగీ తొడుక్కొని అన్నం వండి నేనే పిట్టకు పెడ్త. పిట్ట ముట్టకుంటె వాడు ఆకలితోనే తిరుగుతడు సిస్టరమ్మా, కాకి లేని ఈ దేశంల వానికున్నది ఈ పిట్టొక్కటే.”