కుడిచేతి గ్లౌజు

గోల్ఫ్ క్లబ్బు ఎదుట నిసార్ దుకాణం. బయట వాయుగుండం వాన. సారు కోసం వాన గ్లౌజుల జత తీసుకున్నాక కూడా, ఆయన సంచి మోసే వరహాలు గుమ్మం దాటలేదు.

“ఇంకేం కావాలి వరహాలూ?”

“కుడిసేతికి ఒక్కటి దొరుకుతాదేటి బాయ్?”

“ఆటలో తొడిగేది ఎడమచేతికే కదా. నీకు నేను చెప్పాలా?”

“అదే బాయ్ సిక్కొచ్చింది. సారోళ్లు పారేసినయ్యి ఇంట్లో పద్నాలుగున్నాయి, అన్నీ ఎడంసేతివే. మా ఇంటిది సిలకమ్మ రొయ్యల కంపెనీలో ఐసులో సేతులెట్టి ఒలుత్తాది. రబ్బరు గ్లౌజు లోపల అయ్యే తొడుక్కుంతాది.”

“మరి కుడిచేతికి?”

“ఎడందే తిరగేసి తొడుక్కోమని నానే సెప్పినాను. బిగిసిపోయి రెండు వేళ్లు మొద్దుబారిపోనాయి. సోమారం సూపర్‌వైజరు అందరి సేతులూ సూత్తాడంట. ఒలవలేనోళ్లని తీసేత్తాడు.”

“ఇంకో వాన జత ఇవ్వనా?”

“అయ్యి తడిలో పట్టు జారనివ్వవు గానీ, సలికి ఆగవు బాయ్.”

నిసార్ అడుగు అరలో వెతికి, లోపల ఉన్ని ఉన్న గ్లౌజు ఒకటి తీశాడు.

“ఎడమచేతివాటం కెప్టెన్ ఒకాయన తెప్పించుకుని, తీసుకోకుండానే బదిలీ అయిపోయాడు. కుడిచేతిదే. ఊరికే తీసుకుపో. కానీ మగాళ్లది, పెద్ద సైజు. ఆడమనిషికి వదులవుతుందేమో.”

వరహాలు దాన్ని తన చేతికి తొడిగి చూసుకున్నాడు. వేళ్ల కొసల్లో ఖాళీ మిగిలింది.

“సరిపోద్ది బాయ్. వాసిపోయి దాని సెయ్యి ఇప్పుడు నా సెయ్యి కన్నా పెద్దది.”