ముందున్నవాడి చెయ్యి

ఆదివారం సాయంత్రం, పళ్ళ డాక్టర్ ఇంట్లో మేడమీది ముందు గది. డాక్టర్ కుడి చెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉంది. వారం క్రితం సైకిల్ మీంచి పడ్డాడు. ఆయన తోడల్లుడు, డ్రైవింగ్ స్కూలు మాస్టారు, బాగుచేయించిన ఆ సైకిల్‌ను మోసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

“కాస్త ఎడంగా పెట్టన్నయ్యా. ఆఁ, అక్కడే. ఏదీ, ముందు చక్రం తిప్పు ఓసారి.”

“చూడు. సరిగ్గా తిరుగుతోందా?”

“అబ్బ! కొన్ననాడు కూడా ఇంత సాఫీగా తిరగలేదు. పుల్లలన్నీ మార్పించావా?”

“పుల్లలు, రిమ్ము, టైరు. గేర్లు కూడా విప్పించి కడిగించాను. మూడుసార్లు వెనక్కి తీసుకెళ్ళానని మెకానిక్ విసుక్కున్నాడు.”

“నీ సైకిల్‌కి కూడా ఇంత చాకిరీ చెయ్యవు కదన్నయ్యా.”

“ఏదో, ఖాళీగా ఉండి...”

“ఖాళీయా? ఈ నెలంతా పొద్దున్నే ఆరింటి నుంచీ పాఠాలే అన్నావు?”

“భుజం ఎలా ఉంది?”

“భుజం కాదు, మెడ కింద ఎముక. ఆరు వారాలు కదపకూడదట. పేషెంట్లంతా పండగ చేసుకుంటున్నారు, డాక్టరుగారి చెయ్యి విరిగింది, ఇక మన పన్ను జోలికి రాడని.”

“ఎడం చేత్తో ఏమైనా...”

“ఎడం చేత్తో పీకితే పక్క పన్ను ఊడొస్తుంది. నవ్వవేంటి?”

“నవ్వాను.”

“ఎక్కడ?”

“బావగారూ, ఎంతసేపయింది వచ్చి? నిలబడే ఉన్నారేం, కూర్చోండి, టీ పెడుతున్నా. మీ అమ్మాయి రాలేదా?”

“కింద కార్లో కూర్చుందమ్మా. రమ్మంటే తలనొప్పంది.”

“పిన్ని ఇంటిదాకా వచ్చి కార్లో కూర్చోవడమేంటి, చోద్యం కాకపోతే! టీ పొయ్యి మీద పడేసి నేనే వెళ్ళి లాక్కొస్తా. అసలు మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీట్లేదు బావగారూ. ఆ రోజు మీరు లేకపోతే ఈయన గతేంటి? సొంత చొక్కా చింపి కట్టు కట్టి, వచ్చే బండ్లకి అడ్డంగా నిలబడి... తోడబుట్టినవాడైనా అంత చెయ్యడు. మా నాన్న రోజూ అదే మాట. పెద్దల్లుడు కాదమ్మా, పెద్దకొడుకు అంటున్నాడు.”

“వద్దమ్మా.”

“ఏం వద్దు?”

“అదే... టీ. టీ వద్దు.”

“చాల్లెండి మీ మొహమాటం. ఇప్పుడే వస్తా.”

“వెళ్ళిందా?”

“వంటింట్లోకి వెళ్ళింది. ఏంటన్నయ్యా, ఆ చెమటలు?”

“మెట్లు కదా.”

“ఆదివారం వస్తే అరవై కిలోమీటర్లు తొక్కేవాడివి, ఇరవై మెట్లకి చెమటలా? అన్నట్టు చెప్పడం మర్చిపోయా. మన గ్రూపులో అందరూ సరేనన్నారు. ఇకనుంచి నువ్వే కెప్టెన్. ముందు నువ్వు, వెనక మేం.”

“నాకొద్దు.”

“నీ పేరు చెప్పింది నేనే.”

“అందుకే వద్దు.”

“ఇదేం మాట?”

“నేనిక సైకిల్ తొక్కను తమ్ముడూ. అమ్మేద్దామనుకుంటున్నా.”

“ఎవరు, నువ్వా? మోకాళ్ళకి మందు రాసుకుని మరీ చీకటితో లేచి తొక్కేవాడివి. వానొస్తే వానని తిట్టేవాడివి.”

“ఇదిగో, నీ నీళ్ళ బాటిల్.”

“అరె, ఇదెక్కడ దొరికింది? రోడ్డు మీదే పోయిందనుకున్నా.”

“ఆ రోజు మా పాప తీసి పెట్టింది. వారం నుంచీ తన టేబుల్ మీదే ఉంది. ఇందాక బయల్దేరుతుంటే నా చేతిలో పెట్టింది.”

“ఏమైనా అందా?”

“ఏమీ అన్లేదు. పట్టుకో. బరువుందా?”

“ఉంటే?”

“నిండుగా ఉంది. మీ ఆవిడ ఆ రోజు పొద్దున్న నింపిచ్చినంత నిండుగా. అందరికీ ఏం చెప్పావు నువ్వు? ‘అన్నయ్య గుంత చూపించాడు, నేనే నీళ్ళు తాగుతూ చూసుకోలేదు’ అన్నావు. ఏ నీళ్ళు తాగావు?”

“తాగబోతూ...”

“తియ్యనేలేదు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి అది సైకిల్‌కే ఉంది.”

“వదిలెయ్యన్నయ్యా. పడ్డవాణ్ణి నేను. ఎలా పడ్డానో నాకు తెలీదా?”

“నేను చెయ్యి చూపించలేదు.”

“టీ ఇంకా రాలేదేంటో...”

“వినపడిందా? చూపించలేదు.”

“మర్చిపోయుంటావు. ఆ స్పీడులో ఎవరికైనా...”

“మర్చిపోలేదు. గుంత దూరం నుంచే కనిపించింది. చెయ్యి తీశాను కూడా. తీసి, మళ్ళీ హ్యాండిల్ మీద పెట్టేశాను. నేను మాత్రం చల్లగా పక్కనుంచి పోయాను.”

“అన్నయ్యా, మెల్లగా.”

“వరసలో వెళ్ళేటప్పుడు ముందున్నవాడి చెయ్యే వెనకవాడికి కళ్ళు అని గ్రూపులో కొత్తవాళ్ళకి చెప్పేదెవరు? నేను. పొద్దుటినుంచి సాయంత్రందాకా కార్లో పక్కన కూర్చుని, చెయ్యి చూపించు బాబూ, వెనకొచ్చేవాడికి ఎలా తెలుస్తుంది అని గొంతు పోయేలా అరిచేదెవరు? నేనే. మర్నాడు కూడా వెళ్ళి అదే పాఠం చెప్పాను తెలుసా? ఒక పిల్ల ‘సార్, చూపించకపోతే ఏమవుతుంది’ అంది. ఎందుకు చేశావని అడగవేం?”

“అడగను.”

“అడుగు.”

“ఎత్తు ఎక్కేటప్పుడు నీ వీపు మీద చెయ్యి పెట్టి తోశాను. అందుకు.”

“నీకు తెలుసా?”

“తోసిన చేతికి తెలియదా? నీ వీపు కొయ్యలా బిగుసుకుపోయింది. అప్పుడే చెయ్యి తీసెయ్యాల్సింది. నీకు ఊపిరాడట్లేదని తోశానే గానీ...”

“నీది మంచితనమే. అదే ఒళ్ళు మండించింది. అందరూ నవ్వారు. ‘మా నాన్నకి మోటారు దొరికింది’ అని పాప కూడా నవ్వింది. ఎప్పుడూ అంతేగా. చిన్నల్లుడు డాక్టరు, పెద్దల్లుడు డ్రైవరు. డ్రైవరు కాదండీ, నేర్పేవాణ్ణి అని ప్రతి పెళ్ళిలోనూ నేనే చెప్పుకోవాలి. ఛీ, ఇవన్నీ సాకులు. సిగ్గులేని సాకులు.”

“ఇక చాలు.”

“చెప్పనీ. ఎత్తు దిగాక పట్టుదలకి పోయి ముందుకొచ్చాను. గుంత చూశాను. ఒక్క కుదుపు తగిలితే తెలుస్తుందిలే అనుకున్నాను. టైరు పంక్చరవుతుంది, నువ్వు రోడ్డు పక్కన కూర్చుని గాలి కొట్టుకుంటుంటే నేనొచ్చి ‘ఏం డాక్టరూ, సాయం కావాలా’ అంటాను. అంతే అనుకున్నా. ఎముకదాకా అనుకోలేదు. ఒట్టు. నీ అరుపు విన్నాక సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చా. ఆ చొక్కా చింపింది ప్రేమతో కాదు తమ్ముడూ, భయంతో. అందరూ పొగుడుతుంటే తల దించుకుని నిలబడ్డా. అది వినయం అనుకున్నారు!”

“కూర్చో ముందు.”

“అంతా తెలిసీ ఎందుకు అబద్ధమాడావు? నా పరువు కాపాడ్డానికా? మళ్ళీ నా వీపు మీద చెయ్యేనా?”

“అంత మంచివాణ్ణేం కాదు. నీ మీద ఒళ్ళు మండిపోయింది నాకు. మొదటి మూడు రోజులు నీ ఫోను ఎత్తలేదు, గుర్తుందా? నొప్పి అని చెప్పించా. నొప్పీ లేదు, పాడూ లేదు. నీ గొంతు వింటే ఏమంటానో అని ఎత్తలేదు.”

“అంటే బాగుండేది. మరెందుకు?”

“ష్. కింద గేటు చప్పుడయింది. మీ మరదలు పాప కోసం వెళ్ళినట్టుంది. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి.”

“చెప్పు.”

“నీ చక్రం ఎడమకి జరగ్గానే గుంత కనిపించింది నాకు. అర క్షణమే. కానీ చాలు. నీ వెనకే ఎడమకి తిప్పితే తప్పిపోయేది.”

“మరెందుకు తిప్పలేదు? కుడివైపు బస్సుంది, సరే. ఎడమవైపు ఖాళీయేగా?”

“ఖాళీ కాదు.”

“ఎవరున్నారు? ముందు మనిద్దరమే. మిగతా అంతా అర కిలోమీటరు వెనక...”

“పాప ఉంది.”

“పాప వెనకుంది. మొదటిసారి కదా, కొత్తవాళ్ళతోనే ఉండమని నేనే చెప్పా.”

“నువ్వు చెప్పావు, తను వినలేదు. ‘నాన్నని దాటి చూపిస్తా బాబాయ్, అరవకు’ అని నా ఎడమ పక్కకొచ్చింది. దాని ముందు చక్రం నా మోకాలి దగ్గరుంది. నేను ఎడమకి తిప్పితే పాప వెళ్ళి రోడ్డు పక్క కాలవ రాళ్ళ మీద పడేది. అందుకని గుంతలోకే పోనిచ్చా.”

“పాపా?”

“తనకేం కాలేదుగా. కూర్చో అన్నయ్యా.”

“నేను వెనక్కి తిరిగేసరికే నీ పక్కనుంది. ఎంత తొందరగా వచ్చింది అనుకున్నా... వెర్రివాణ్ణి. నాతో ఒక్క ముక్క చెప్పలేదు.”

“ఎలా చెప్తుంది? ఆస్పత్రిలో నా చెవి దగ్గరికొచ్చి ఒకటే అడిగింది. ‘బాబాయ్, నేను అడ్డమొచ్చాననేనా పడ్డావు?’ అని. ఆ మొహం చూసుంటే నువ్వూ అబద్ధమే ఆడేవాడివి. నువ్వు చెయ్యి చూపించలేదని నేనంటే, మరి నువ్వెందుకు తిప్పలేదని ఎవరో ఒకరు నన్నడుగుతారు. అప్పుడు దాని పేరు రావాలి. అందుకే నీళ్ళు తాగుతున్నానన్నా.”

“నమ్మిందా?”

“ఈ బాటిల్ వారం రోజులు ఎవరి టేబుల్ మీదుందన్నావు?”

“పాప టేబుల్ మీదే.”

“ఇప్పుడు చెప్పన్నయ్యా, నమ్మి ఉంటుందా?”

“ఇదిగో బావగారూ, మీ అమ్మాయి! రెక్క పట్టుకుని లాక్కొచ్చా. తలనొప్పీ కాదు, ఏమీ కాదు, ఏడ్చి ఏడ్చి ఉంది. ఇక జన్మలో సైకిల్ ముట్టుకోదట. ఎందుకే అంటే చెప్పదు. మీరైనా అడగండి.”

“అన్నయ్యా, వద్దు. నేను ఎలాగో సర్ది చెప్తా. తన ముందు నువ్వు...”

“పాపా, ఇలా రా. నా పక్కన కాదు, ఎదురుగా కూర్చో, నా మొహం చూడు. నువ్వూ ఉండమ్మాయ్, టీ తర్వాత, నువ్వూ విను. బాబాయ్ పడింది నీ వల్ల కాదు తల్లీ. ఆ గుంత నేను ముందే చూశాను.”