పెద్ద క్యామ్ వద్దు, అర్విన్

పెద్దది వద్దంటే వద్దు! నీకు ఎన్నిసార్లు చెప్పాలి అర్విన్? ఆ జిడ్డు గుడ్డ అవతల పారేసి ఇటు చూడు.

ఆ, డార్సీ చెప్పే ఉంటుంది. కారు ఇప్పుడు దానిదే, కాదన్నానా? వాళ్ళ నాన్న వేయించినట్టే పెద్ద క్యామ్ మళ్ళీ వేయమని చెప్పి వెళ్ళింది. నేను దాని తల్లిని. నేను చెబుతున్నా, చిన్నది వెయ్యి.

ఇదేనా పాతది? బల్ల మీదున్న ఈ కడ్డీ? ఓరి దేవుడా, ఇంతేనా! కోడిగుడ్డు లాంటి ఈ బొడిపెలు తిరిగితే వాల్వులు తెరుచుకుంటాయి, అంతే కదా? దీనికోసమా మీరంతా అంత పిచ్చెక్కిపోయింది? ఒక బొడిపె పూర్తిగా అరిగిపోయింది చూడు.

మా ఆయన వెండెల్ వంటింట్లో కూర్చునే కదూ దీన్ని ఎంచుకున్నాడు! నువ్వూ ఉన్నావు. నేను వడ్డించినవి చల్లారిపోతున్నాయి, మీకు పట్టలేదు. ఊళ్ళో తిరిగే పాత బండికి అంత పెద్దదెందుకురా, ఇంజన్ పీల్చే గాలితోనే కదా బ్రేకుకి బలం, ఇది వేస్తే ఆ పీల్పు తగ్గిపోతుంది అని నువ్వే చెప్పావు. నేను విన్నాను. ఆయనేమన్నాడు? "ఒరేయ్ అర్వీ, నాకు కాళ్ళు లేవట్రా?" అన్నాడు. ఇద్దరూ పకపకా నవ్వారు.

నీ తప్పని అనటం లేదయ్యా. కూర్చో.

ఏం సంబరంరా బాబూ మీది! శనివారం సాయంత్రం ఆ డ్రైవిన్ హోటల్ ముందు మడతకుర్చీలు వేసుకుని, కళ్ళు మూసుకుని ఇంజన్ల చప్పుడు వినడం. పందెం కట్టేదెవరు? ఒక్కడూ లేడు. ఈ పెద్ద క్యామ్‌తో బండి నిలబడ్డచోటే ఎక్కిళ్ళు పెట్టాలి. ఇక ఆగిపోతుందనగా మళ్ళీ అందుకోవాలి. అప్పుడు మీరంతా "ఆహా!" అనాలి. ఆ "ఆహా" కోసమే కదా నా మొగుడు ఇది వేయించుకున్నాడు?

ఆయన సమాధి దగ్గర కూడా వదల్లేదు మీరు! బంపరు వేలాడుతున్న బండిని ట్రక్కు మీద తెచ్చి, అందరి ఇంజన్లతో పాటు దాన్నీ స్టార్ట్ చేశారు. తాళం తిప్పింది నువ్వే. పెట్టెలో ఆయన, పక్కన ఆ ఎక్కిళ్ళు. నేను చెవులు మూసుకున్నాను అర్విన్. డార్సీ మాత్రం కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాన్న గొంతులా ఉందట!

దానికేం తెలుసు? ఆ రోజు పక్క సీట్లో కూర్చున్నది నేను.

రేవు దగ్గర ఆ ఏటవాలు నీకు తెలుసుగా. వరసగా కార్లు, నత్తనడక. బ్రేకు తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు. ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. రెండు కాళ్ళూ పెట్టి తొక్కాడయ్యా! ముందు కారులోంచి పసిపిల్లలు మావైపే చూస్తున్నారు. "లోయిస్, గట్టిగా పట్టుకో" అని గోడకేసి తిప్పాడు. తనవైపే తగిలేలా తిప్పాడు. స్టీరింగ్ ఛాతీకి గుద్దుకుంది.

ఇది నేనెవరికీ చెప్పలేదు. పోలీసులక్కూడా.

గోడకి గుద్దాక కూడా ఇంజన్ ఆగలేదు. ఆయన తల వాల్చేశాడు, అది మాత్రం ఎక్కిళ్ళు పెడుతూనే ఉంది. ఆగిపోతుందనగా అందుకుంటోంది, మళ్ళీ అందుకుంటోంది. తాళం నా చేతికందేంత దగ్గర్లోనే ఉంది. తిప్పలేదు. అది ఆడుతున్నంతసేపూ ఆయనా ఉన్నట్టే అనిపించింది. ఎవరో చెయ్యి లోపలికి పెట్టి ఆపేసేదాకా అలాగే వింటూ కూర్చున్నాను.

చిన్నదే వెయ్యి నాయనా. డార్సీ నన్ను తిడితే తిట్టుకోనీ, మాట్లాడకపోతే మానేయనీ. బండి చెప్పినచోట ఆగితే చాలు నాకు.

ఆ చప్పుడు మళ్ళీ నా వాకిట్లోకొస్తే, ఆ సీట్లో ఉండేది నా కూతురు కదా అర్విన్.