తీసేసిన రెండు పేజీలు

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా చైర్మన్ గారికి, వేదిక మీది పెద్దలకు, ముప్పై ఒక్క ఏళ్లు ఆఫీసులో నా కోపాన్ని భరించిన మిత్రులకు, ఇంట్లో భరించింది చాలక ఇక్కడికీ వచ్చిన మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా, ఎడిటర్‌గా నా చేతి మీదుగా ఒక్క తప్పూ పోలేదన్నారు. వింటుంటే ముళ్ల మీద కూర్చున్నట్టుంది. ఆ మాటకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఎవరో తెలుసా? ఆఖరి వరుసలో ఉన్న మా ప్రెస్ ఫోర్‌మన్, మనందరి మెషీనన్న. సోమవారం విచారణకు రమ్మని నోటీసు అందుకున్న మనిషి!

ఆ నోటీసు కథ తెలియనివారికి చెబుతాను. ముందు వరుసలో కూర్చున్న గాయని గారి బృందం, ఇల్లు వదిలి వెళ్లిన అన్న కోసం చెల్లెలు ఊరంతా వెతికే కథను తొమ్మిది పాటల రాక్ ఆల్బమ్‌గా చేస్తే, దాన్ని మేం బొమ్మల నవలగా వేశాం. ఏడో పాట రికార్డింగుకు వారం ముందు, గాయని గారి సొంత అన్నయ్య, ఆ బృందంలో డ్రమ్స్ వాయించే అతను, చనిపోయాడు. ఆ పాటలో అతనొక్కడే వాయించాల్సిన నలభై సెకన్లను వాళ్లు నిశ్శబ్దంగా వదిలేశారు. మా ఆర్టిస్టమ్మాయి అక్కడ ఎదురెదురుగా రెండు తెల్ల పేజీలు వదిలింది.

నేనా ఆల్బమ్‌ను కారులో విన్నాను. అక్కడికొచ్చేసరికి సీడీ ఆగిపోయిందనుకుని, ప్రతిసారీ తర్వాతి పాటకు వెళ్లిపోయాను. (నవ్వులు) నవ్వకండి, దయచేసి.

ఆ తెల్ల పేజీల గురించి మెషీనన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. "ఆ అమ్మాయి కావాలనే వదిలిందేమో సార్, ఒక్క మాట అడగండి" అన్నాడు. "నాకే పని నేర్పుతున్నావా?" అని కసిరి, చీటీ రాసి పంపాను. పుస్తకం వచ్చాక గాయని గారు నా గదికొచ్చి, ఏడో పాట దగ్గర తెరిచి, "మా అన్నయ్యను ఎవరు తీసేశారు?" అని అడిగారు. ఎవరో "ప్రెస్‌లో పొరపాటండీ" అన్నారు. నేను నోరు మెదపలేదు. నోటీసు మెషీనన్నకు వెళ్లినా, నెల రోజులుగా మెదపలేదు.

(వెనక నుంచి: "ఇప్పుడవన్నీ ఎందుకు సార్!")

కూర్చో అన్నా. నిన్న నువ్వే కదా వచ్చి ఆ చీటీ నా చేతిలో పెట్టావు! "నా దగ్గరుంటే ఏదో ఒకరోజు కోపంలో చూపించేస్తాను. వెళ్లేముందు మీకు మచ్చెందుకు, ఉంచుకోండి" అన్నావు. సిగ్గుతో చచ్చిపోయానయ్యా.

చైర్మన్ గారూ, ఇదిగో ఆ చీటీ. "ఖాళీ పేజీలు రెండూ తీసెయ్." రాతా నాదే, సంతకమూ నాదే. సోమవారం విచారణకు నేనొస్తాను. అమ్మా, మీ అన్నయ్యను తీసేసింది నేను.

ఇన్నేళ్ల మీ అందరి అభిమానానికి కృతజ్ఞుణ్ణి. ఈ మెట్లు దిగి ఆఖరి వరుస దాకా నడవడానికి నాకు నలభై సెకన్లు పడుతుంది. అంతవరకూ ఎవరూ చప్పట్లు కొట్టకండి. సెలవు.